రెండు వరదల ఊరు

జనవరి నెల. ఉత్తర బెనిన్‌లో వానలు ఆగి మూడు నెలలు కావస్తుంది. సహారా వైపు నుంచి వీచే హర్మట్టాన్ గాలికి పెదవులు పగులుతుంటాయి. ఆకుల మీద సన్నటి దుమ్ము పేరుకుంటుంది. ఏరు ఏదైనా ఎండిపోవలసిన కాలం ఇది. అయినా మలాన్‌విల్ దగ్గర నైజర్ నది నిండుగా పారుతూ ఉంటుంది. ఒడ్డున రైతులు డీజిల్ ఇంజన్లు పెట్టి ఉల్లిమళ్లకు నీరు తోడుకుంటుంటారు.

వాన లేని కాలంలో ఆ నీరు ఎక్కడిది? జవాబు దొరకాలంటే నదితో పాటు వెనక్కి నడవాలి. నైజర్ నది పుట్టేది గినీ కొండల్లో, అట్లాంటిక్ సముద్రానికి దాదాపు 240 కిలోమీటర్ల దూరంలోనే. కానీ అది సముద్రానికి వీపు చూపించి ఈశాన్యంగా మాలీ దేశంలోకి పోతుంది. ఎడారి అంచు తాకి, వంపు తిరిగి నైజర్ దేశం, బెనిన్ సరిహద్దు, నైజీరియా మీదుగా, దాదాపు 4,180 కిలోమీటర్లు చుట్టి సముద్రంలో కలుస్తుంది. గినీ కొండల మీద ఆగస్టు, సెప్టెంబరుల్లో కురిసిన వాన మాలీలోని విశాలమైన చిత్తడి మైదానంలో పరుచుకుంటుంది. అక్కడ కొంత ఆవిరై, మోసుకొచ్చిన మట్టినంతా దించుకుని, నిదానంగా బయటపడుతుంది. మలాన్‌విల్ చేరేసరికి సంక్రాంతి రోజులవుతాయి. మట్టి లేని ఆ నీరు నల్లగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని నల్ల వరద అంటారు.

దానికంటే ముందు ఇంకో వరద వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో బుర్కినా ఫాసో, నైజర్ దేశాల ఎర్రనేలల మీద పడిన వాన ఉపనదుల్లోంచి నేరుగా నైజర్‌లోకి దూకుతుంది. ఇది ఎర్ర వరద. వేగంగా వచ్చి వేగంగా తీస్తుంది.

ఎర్ర వరద ఒండ్రు తెస్తే, నల్ల వరద ఎండాకాలానికి తడి దాచి ఇస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో మలాన్‌విల్ రైతు తన సేద్యాన్ని అమర్చుకున్నాడు. పటంలో ఈ ఊరు సరిహద్దు దగ్గర ఒక చుక్క. పత్రికల్లో కనిపిస్తే వంతెన గురించో, ఆగిపోయిన లారీల గురించో కనిపిస్తుంది. కానీ ఊరికి పునాది వంతెన కాదు, ఈ బురద. ముందు దాని సంగతి తెలిస్తేనే వంతెన సంగతి అర్థమవుతుంది.

కమ్యూన్ అంటే ఏమిటి

బెనిన్‌లో జిల్లాల వంటి విభాగాలు 12, వాటి కింద 77 కమ్యూన్లు ఉన్నాయి. కమ్యూన్‌ను మన పంచాయతీతో పోల్చలేం, అది చాలా పెద్దది. మలాన్‌విల్ కమ్యూన్ విస్తీర్ణం దాదాపు 3,016 చదరపు కిలోమీటర్లు. మన మండలాలు ఎన్నో కలిపితే గానీ అంత కాదు. 2002 జనాభా లెక్కల్లో అక్కడ 1,01,628 మంది ఉండేవారు. 2013 నాటికి ఆ సంఖ్య 1,68,641కి చేరింది. పదకొండేళ్లలో మూడింట రెండు వంతుల పెరుగుదల. పుట్టిన పిల్లలతో పాటు, సంతను వెతుక్కుంటూ చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు కూడా ఇందులో ఉన్నారు.

కమ్యూన్‌లో అయిదు భాగాలు: మలాన్‌విల్ పట్టణం, గరూ, గ్వెనె, మదెకాలి, తుంబూతు. పట్టణాన్ని వదిలితే మిగతాదంతా పల్లెలే. నదికి ఆనుకుని దెండి ప్రజలు ఎక్కువ. సొంగై భాషా కుటుంబంలో దెండి అంటే నదికి దిగువ అని అర్థం. 1591లో మొరాకో సేనల చేతిలో సొంగై సామ్రాజ్యం కూలినప్పుడు, ఓడిన రాజవంశంలో కొందరు నదీ ప్రవాహం వెంట దిగువకు తరలివచ్చి నిలదొక్కుకున్న ప్రాంతం ఇది. ఆ భాష ఈనాడు ఉత్తర బెనిన్ సంతల్లో పదిమందికీ తెలిసిన బేరాల భాష. దెండిలతో పాటు పశువుల కాపరులైన ఫులానీలు, వర్తకంలో పేరున్న హౌసాలు, నది అవతలి జర్మాలు, ఇంకా మొకొలెలు ఇక్కడ కలిసి బతుకుతున్నారు. ఒకే మనిషి ఇంట్లో ఒక భాష, సంతలో ఒకటి, ఆఫీసులో ఫ్రెంచి మాట్లాడటం ఇక్కడ మామూలు సంగతి.

బురదలో పుట్టిన సేద్యం

జూన్ నుంచి అక్టోబరు దాకా వానకాలం. నదికి దూరంగా ఉన్న మెట్ట పొలాల్లో జొన్న, సజ్జ, మొక్కజొన్న, అలసందలు, వేరుశనగ వేస్తారు. గ్వెనె వైపు పత్తి కూడా పండుతుంది. బెనిన్ పత్తికి గుండెకాయ అయిన అలిబోరి జిల్లాలోనే ఈ కమ్యూన్ ఉంది.

నది పక్కన పల్లపు నేలల్లో వరి. పట్టణాన్ని ఆనుకుని 516 హెక్టార్ల ఆయకట్టు ఒకటుంది. పంపులతో నీరెత్తి కాలువల్లోకి వదులుతారు. ఏడాదికి రెండు పంటలు తీయగలగడం దాని బలం. పంపు మొరాయించినా, కాలువ పూడినా, రైతులు నీటి తీరువా కట్టలేకపోయినా మొత్తం ఆయకట్టు ఇబ్బందిలో పడటం దాని బలహీనత. ఎత్తిపోతల కింద సాగు చేసిన ఎవరికైనా ఈ చిక్కు అర్థమవుతుంది.

అసలు ముచ్చట ఎర్ర వరద తీశాక మొదలవుతుంది. నీరు వెనక్కి తగ్గేకొద్దీ కొత్త ఒండ్రు బయటపడుతుంది. చలికాలం మొదట్లో ఉల్లి నారు పోస్తారు. నీరు దిగిన నేలలో చిన్న చిన్న మళ్లు కట్టి నాటుతారు. పక్కనే టమాటా, మిరప, బంగాళాదుంప. నేల తడి కొన్ని వారాలు కాపాడుతుంది. అది అయిపోయేలోపు నల్ల వరద వచ్చి నదిని మళ్లీ నింపుతుంది. లోతు లేని చేతిబోర్లకూ నీరందుతుంది, ఇంజన్ల గొట్టాలకూ అందుతుంది. ఆ నీరు తగ్గే రోజులకు ఉల్లి కోతకు వస్తుంది. బెనిన్ మొత్తంలో ఉల్లి ఎక్కువగా పండేది మలాన్‌విల్‌లోనూ, దాని పొరుగు కమ్యూన్ కరిమామాలోనూ.

నల్ల వరద పశువులకు కూడా తిండి పెడుతుంది. నీటిలో బుర్గు అనే గడ్డి తేలుతూ పెరుగుతుంది. చుట్టుపక్కల గడ్డి అంతా ఎండిపోయిన నెలల్లో పచ్చగా మిగిలేది అదొక్కటే. కాపరులు మందల్ని నది వైపు తోలుకొస్తారు. సరిగ్గా ఆ నెలల్లోనే ఒడ్డున ఉల్లిమళ్లు ఉంటాయి. రైతుకూ కాపరికీ తగాదా ఎక్కడ మొదలవుతుందో ఇక ఊహించుకోవచ్చు. మడి నదిని ఆనుకుని ముందుకు జరిగేకొద్దీ మంద నీటి దగ్గరకు పోయే బాట సన్నబడుతుంది. ఆ బాట ఉన్నచోట ఫులానీ కాపరి ఎరువు ఇస్తాడు, పాలూ, వగాషి అనే మెత్తని జున్నుగడ్డా అమ్ముతాడు. బాట మూసుకుపోయినచోట గొడవలు వస్తాయి. 2019 డిసెంబరులో బెనిన్ ప్రభుత్వం సరిహద్దు దాటి వచ్చే మందల్ని నిషేధించింది. అలాంటి ఆజ్ఞ కొత్త బాట వేయదు, ఉన్న బాటను మూయగలదు, అంతే. గొడవ లేకుండా గడవాలంటే ఊరి పెద్దలూ కాపరుల పెద్దలూ కూర్చుని ఏటా బాట గుర్తుపెట్టుకోవలసిందే.

ఇంకో మార్పు కూడా గమనించాలి. పాత రోజుల్లో రెంటిలో పెద్దది నల్ల వరదే. 1970, 80 దశకాల కరవుల తర్వాత ఎగువన చెట్టూ పొదా పోయి నేల గట్టిపడింది. వాన నీరు ఇంకకుండా జారిపోతోంది. అందువల్ల ఈ శతాబ్దంలో ఎర్ర వరదే చాలాసార్లు పైచేయి అవుతోంది. 2012లో, మళ్లీ 2020లో నది పొంగి మలాన్‌విల్, కరిమామా పొలాలు మునగడం వెనుక ఉన్న కథ ఇదే. సేద్యం నేర్చుకున్న లయ ఒకటి, నది ఇప్పుడు నడుస్తున్న లయ ఇంకొకటి.

సంత, దళారి, తియ్యా

ఒక ఊరు ఉల్లి పండించినంత మాత్రాన పెద్ద సంత అయిపోదు. మలాన్‌విల్‌ను సంత చేసింది దాని స్థానం. నదికి అవతల నైజర్ దేశపు గాయా పట్టణం. తూర్పున కాస్త దూరంలోనే నైజీరియాలోని కంబా. మూడు దేశాల సరుకు కలిసే ముక్కోణం ఇది. దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న కొటోనూ రేవు ఇక్కడికి 700 కిలోమీటర్లకు పైనే. ఉత్తరాన నైజర్ రాజధాని నియామే దాదాపు 300 కిలోమీటర్లు.

ఫ్రెంచి పాలకులు కొటోనూ నుంచి నైజర్ దాకా రైలు వేయాలనుకున్నారు. 1936లో పట్టాలు పరాకూ పట్టణం చేరి అక్కడే ఆగాయి. 1950 దశకంలో నైజర్ వేరుశనగను సముద్రానికి చేర్చడానికి ఒక ఏర్పాటు చేశారు: పరాకూ దాకా రైలు, అక్కడి నుంచి ఉత్తరానికి లారీలు. పట్టాలు ఆగిపోయిన ఆ వెలితిని పూడ్చిన రోడ్డు మీదే మలాన్‌విల్ పెరిగింది.

సంత రోజు దక్షిణం నుంచి మొక్కజొన్న, కర్రపెండలంతో చేసే గారి రవ్వ వస్తాయి. ఉత్తరం నుంచి అలసందలు, మేకలు, గొర్రెలు, ఎడ్లు వస్తాయి. నది నుంచి ఎండు చేప, ఒడ్డు నుంచి టమాటా. నైజర్ దేశంలోని గల్మి ప్రాంతపు ఊదారంగు ఉల్లి పశ్చిమాఫ్రికా అంతటా పేరున్నది. అది కూడా ఈ దారినే దిగుతుంది. అంటే మలాన్‌విల్ రైతు ఉల్లి, పొరుగుదేశపు ఉల్లి ఒకే సంతలో ఎదురెదురుగా నిలబడతాయి. కోతలు ఒక్కసారిగా వస్తే ధర పడిపోతుంది. నిలవ చేసే గిడ్డంగి లేనివాడు వచ్చిన ధరకు వదిలేయాలి.

గింజలు చిల్లరగా అమ్మేటప్పుడు చాలాసార్లు కాటా ఉండదు, తియ్యా ఉంటుంది. అది ఒక గిన్నె కొలత, మన మానిక, తవ్వల వంటిది. గిన్నెలో ఎంత పడుతుందన్నది అమ్మే మనిషి చేతివాటాన్ని బట్టి కూడా ఉంటుంది. గింజ కుప్పగా పోస్తారా, తలకొట్టి పోస్తారా అన్నది బేరంలో భాగం. సంతలో ఈ చిల్లర వ్యాపారం చాలావరకు ఆడవాళ్ల చేతుల్లో ఉంది. గారి రవ్వ, ఉప్పుడు బియ్యం, చేప, మసాలా దినుసులు వాళ్లే అమ్ముతారు. వడ్లు ఉడకబెట్టి ఆరబోసి ఉప్పుడు బియ్యం చేసే పని ఇక్కడి మహిళల బృందాలకు పెద్ద జీవనాధారం.

పశువుల సంతలో ఒక మనిషి లేనిదే బేరం తెగదు. హౌసా భాషలో అతన్ని దిల్లాలి అంటారు. మన దళారి, ఈ దిల్లాలి ఒకే అరబ్బీ మాటకు పుట్టిన పిల్లలు. ఒకటి ఎడారి దాటి పడమటికి పోయింది, ఇంకొకటి ఉర్దూ మీదుగా మన సంతల్లోకి వచ్చింది. పనీ దాదాపు ఒకటే, అయితే ఇక్కడి దిల్లాలికి అదనపు బాధ్యత ఒకటుంది. ఎక్కడినుంచో వచ్చిన కాపరి, ఎక్కడినుంచో వచ్చిన కొనుగోలుదారు ఒకరికొకరు తెలియరు. ఆ ఎద్దు దొంగ సొత్తు కాదని పూచీపడేది దిల్లాలే. దూరపు వ్యాపారికి బస, భోజనం, సరుకుకు చోటు ఇచ్చే ఇంటాయనను మై గిడా అంటారు. బ్యాంకు, గోదాము, హోటలు అన్నీ ఆయన ఇంటి చావడిలోనే.

ఈ ఏర్పాటులో మోసం లేదని కాదు. దళారి రెండు వైపులా దండుకుంటాడన్న ఫిర్యాదు ఇక్కడా పాతదే. అందుకే ఇదే జిల్లాలోని గొగూనులో పశుపోషకుల సంఘాలు వేరే పద్ధతి నిలబెట్టాయి. కొనేవాడు, అమ్మేవాడు ముఖాముఖి బేరమాడతారు, పక్కన సాక్షి ఉంటాడు, లావాదేవీ పుస్తకంలో రాస్తారు, రుసుములో కమ్యూన్‌కు వాటా వెళ్తుంది. నమ్మకాన్ని ఒక మనిషి నోటి నుంచి పుస్తకంలోకి మార్చే ప్రయత్నం అది.

కాకినాడ బస్తా

ఈ సంతకూ మన నేలకూ ఒక నిజమైన లంకె ఉంది: బియ్యం. భారతదేశం నుంచి బాస్మతి కాని బియ్యాన్ని అత్యధికంగా కొనే దేశాల్లో బెనిన్ ఒకటి. కోటీ ముప్పై లక్షలకు అటూ ఇటూగా జనాభా ఉన్న దేశం అంత బియ్యం తినలేదు. కొటోనూలో దిగిన సరుకులో పెద్ద భాగం సరిహద్దులు దాటి నైజీరియాకు, కొంత నైజర్‌కు పోతుంది. పశ్చిమాఫ్రికాకు బియ్యం ఓడలు కదిలే భారతీయ రేవుల్లో కాకినాడ ముఖ్యమైనది. గోదావరి జిల్లాల మిల్లుల్లో ఆరిన ఉప్పుడు బియ్యం అక్కడ ఓడెక్కుతుంది.

ఇదంతా మలాన్‌విల్ వరి రైతుకు ఎలా కనిపిస్తుంది? తన ఆయకట్టులో పండిన బియ్యానికి పోటీగా. బెనిన్‌లో ఐఆర్-841 అనే సువాసన రకాన్ని జనం ఇష్టంగా తింటారు. అయినా దిగుమతి బస్తా చవక, పైగా రాళ్లు ఉండవు. మరి సంతలో బియ్యం కొనే కూలీ మనిషికి? అదే చవక బస్తా రెండు పూటల తిండి. ఒకే బస్తా ఒకరికి పోటీ, ఇంకొకరికి ఆసరా.

2023 జూలై 20న భారత్ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. మన దేశంలో ధరలు అదుపులో ఉంచడానికి తీసుకున్న నిర్ణయం అది. సరిగ్గా ఆ రోజుల్లోనే మలాన్‌విల్ మీద ఇంకో దెబ్బ పడింది.

వంతెన మూసిన రోజు

2023 జూలై 26న నైజర్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. జూలై 30న పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఆంక్షలు ప్రకటించింది. సరిహద్దులు మూసుకున్నాయి. గాయాకు వెళ్లే వంతెన ముందు లారీలు కిలోమీటర్ల పొడవున నిలిచిపోయాయి. డ్రైవర్లు, క్లీనర్లు వారాల తరబడి లారీల కిందే వండుకుని, పడుకున్నారు.

దీనికి ముందే ఊరు ఒక దెబ్బ తిని ఉంది. 2019 ఆగస్టులో నైజీరియా తన భూసరిహద్దులు మూసి, 2020 డిసెంబరులో గానీ తెరవలేదు. మధ్యలో కరోనా వచ్చింది, 2020 వరద వచ్చింది. ఊపిరి తీసుకునేలోపే ఇది. తూర్పు వాకిలి తెరుచుకున్న మూడేళ్లు తిరక్కుండానే ఉత్తర వాకిలి మూసుకుంది.

2024 ఫిబ్రవరి 24న కూటమి ఆంక్షలు ఎత్తేసింది. బెనిన్ తన వైపు దారి వదిలింది. నైజర్ మాత్రం భద్రతా కారణాలు చెప్పి తన వైపు తెరవలేదు. రాజధానులకు ఇతర దారులు దొరికాయి: లోమే రేవు, బుర్కినా ఫాసో మీదుగా నియామేకు పెద్ద లారీలు తిరిగి వెళ్లసాగాయి. నైజర్ ముడిచమురును బెనిన్ తీరానికి చేర్చే గొట్టం గురించి కూడా రెండు ప్రభుత్వాలు 2024లో తగవు పడ్డాయి, సర్దుబాటూ చేసుకున్నాయి. మలాన్‌విల్‌కు మాత్రం అంత పెద్ద బేరం పెట్టే శక్తి లేదు. దానికి మిగిలింది నాటు పడవ. మనుషులూ బస్తాలూ పడవల్లో నది దాటారు. వంతెన మీద లారీ మోసే సరుకును పడవల్లోకి దించి, ఎక్కించి, అవతల మళ్లీ దించాలి. ప్రతి దింపుడుకూ కూలి, ప్రతి దాటింపుకూ బాడుగ. ఆ ఖర్చంతా చివరకు గింజ కొనే ఆమె గిన్నె మీద, ఉల్లి అమ్మే అతని ధర మీద పడుతుంది.

ఇక్కడే ఒక అపోహ తొలగించుకోవాలి. సరిహద్దు మూస్తే అవతలి ప్రభుత్వం దిగివస్తుందని రాజధానుల్లో లెక్క వేస్తారు. అవతలి ప్రభుత్వం కంటే ముందు ఇవతలి మలాన్‌విల్ నష్టపోతుంది. ఇనుము ఆర్నెల్లు ఆగినా పాడవదు. టమాటా నాలుగో రోజుకు నీరు కారుతుంది.

కమ్యూన్ ఖజానాకూ ఇది దెబ్బే. బెనిన్‌లో తొలి కమ్యూన్ ఎన్నికలు 2002 డిసెంబరు, 2003 జనవరిల్లో జరిగాయి. అప్పటినుంచి ఎన్నికైన పాలకమండలి, మేయరు ఉన్నారు. కొటోనూ రేవులో, సరిహద్దులో వసూలయ్యే సుంకాలు దేశ ఖజానాకు పోతాయి. ఊరికి మిగిలేవి సంతలో అంగడి అంగడికీ వసూలు చేసే ఆశీలు, లారీలు నిలిపే చోటి రుసుము వంటి చిల్లర పద్దులు. లారీ రాకపోతే ఆ పద్దూ లేదు. బడి గది, బావి, సంత పాక మరమ్మతు, అన్నీ ఆ చిల్లరలోంచి రావలసినవే. దేశం మొత్తానికి వాకిలిగా నిలబడ్డ ఊరికి, ఆ వాకిలి మూసినప్పుడు పరిహారం చెల్లించే పద్ధతి ఒకటి ఉండాలి. ఇది దయ కాదు, న్యాయం.

సరిహద్దు మూయడానికి చెప్పే భద్రత భయం ఉత్తుత్తిది కాదు. అలిబోరి జిల్లా వాయవ్య మూలలో, మూడు దేశాల అడవులు కలిసే డబ్ల్యూ పార్కు ప్రాంతంలో, 2021 చివరి నుంచి సాయుధ ముఠాల దాడులు జరుగుతున్నాయి. 2025 ఏప్రిల్ 17న జరిగిన దాడిలో 54 మంది బెనిన్ సైనికులు చనిపోయారు. కానీ పని దొరకని పడవవాడు, మందకు బాట దొరకని కాపరి కుర్రాడు, సరుకు అమ్ముడుపోని రైతు, వీళ్లు పెరిగేకొద్దీ ముఠాల పని తేలికవుతుంది. సంత నడవడం కూడా కాపలాలో భాగమే.

నీటి మీద గీత

ఈ నది మీద సరిహద్దు ఎక్కడుందన్న తగవు కొత్తది కాదు. లెతె అనే లంక కోసం బెనిన్, నైజర్ రెండూ స్వాతంత్ర్యం వచ్చిన 1960 నుంచే వాదించుకున్నాయి. చివరకు కలిసి ఒప్పుకుని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాయి. 2005 జూలై 12న తీర్పు వచ్చింది. నదిలో ఉన్న 25 లంకల్లో లెతెతో కలిపి 16 నైజర్‌కు, 9 బెనిన్‌కు చెందుతాయి. గాయా, మలాన్‌విల్ వంతెనల మీద సరిహద్దు ఎక్కడ? కింద నీటిలో గీత ఎక్కడుందో, నిలువుగా దానిపైనే అని న్యాయమూర్తులు తేల్చారు.

తుపాకీ లేకుండా, కాగితాల మీద తేలిన తగవు అది. రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. గీత ఎక్కడుందో తేల్చుకోగలిగిన దేశాలు, దాన్ని ఎవరు, ఏ సరుకుతో, ఏ కష్టకాలంలోనైనా దాటవచ్చో కూడా తేల్చుకోగలవు. త్వరగా పాడయ్యే పంటకు, సంతకు వచ్చే చిన్న వర్తకులకు, మేతకు వెళ్లే మందలకు ఏ గొడవలోనూ మూయని ఒక దారి ఉండాలని ముందే రాసుకోవచ్చు.

ఏటా చలికాలంలో గినీ వాన నెలల తరబడి నడిచి, మూడు దేశాల గుండా సాగి మలాన్‌విల్ చేరుతూనే ఉంటుంది. ఒడ్డున నాటిన ఉల్లికి అది తడి ఇస్తుంది. మార్చి వచ్చేసరికి గడ్డ ఊరి కోతకు సిద్ధంగా ఉంటుంది. అప్పుడు ఆ బస్తాను భుజాన వేసుకున్న మనిషికి వంతెన దొరుకుతుందా, పడవే దిక్కవుతుందా అన్నది మాత్రం నది చేతిలో లేదు.